కొత్త ఇంజనున్న పాత బోటా, పాత ఇంజనున్న గట్టి బోటా?

సెకండ్ హ్యాండ్ ఔట్‌బోర్డ్ బోటు, అంటే ఇంజను వెనక బయటికి వేలాడే బోటు, కొనాలనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే ప్రశ్న. "నా బడ్జెట్‌లో రెండు దొరికాయి. ఒకదానికి ఇంజను కొత్తది, బోటు పాతది. ఇంకోదానికి బోటు బాగుంది, ఇంజను పాతది. ఏది తీసుకోమంటారు?" ఇన్నాళ్లూ ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకునేవాణ్ణి. ఈమధ్య నాకే ఒక బోటు అవసరమై, అచ్చం ఇలాంటి రెండిటి మధ్య మూడు వారాలు తేల్చుకోలేకపోయాను. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

మొదటిది 18 అడుగుల సెంటర్ కన్సోల్, అంటే స్టీరింగు నడిమధ్యలో ఉండి చుట్టూ తిరిగే చోటున్న బోటు. ఫైబర్ బోటు, వయసు ఇరవై ఏళ్లు. దాని అసలు ఇంజను 90 హెచ్‌పీ టూ-స్ట్రోక్ అట, నాలుగేళ్ల కింద అది తీసేసి 115 హెచ్‌పీ ఫోర్-స్ట్రోక్ బిగించారు. మూడొందల గంటలు కూడా తిరగలేదు. రెండోది పదిహేడున్నర అడుగుల ఫిష్-అండ్-స్కీ, అంటే చేపలకీ నీటి ఆటలకీ రెండిటికీ పనికొచ్చేది. ముందు అద్దం, ముక్కు దగ్గర సీట్లు, వెనక చేపల ట్యాంకు, స్కీ తాడు కట్టుకోవడానికి కొక్కెం. దాని ఇంజను మూడు సిలిండర్ల 90 హెచ్‌పీ కార్బురేటర్ టూ-స్ట్రోక్. బోటు వయసే ఇంజను వయసు. ఇద్దరూ అడిగిన ధరలో పెద్ద తేడా లేదు.

నాకు గాలం వేయడమే ముఖ్యం కాబట్టి మనసు మొదటిదాని మీదే ఉంది. సెంటర్ కన్సోల్‌లో చేప గాలానికి పడ్డాక దానితోపాటు బోటు చుట్టూ తిరగొచ్చు, ఏ అద్దమూ ఏ సీటూ అడ్డం రావు. పైగా దాని అడుగు లోతైన వి ఆకారం, వెనక దాదాపు 21 డిగ్రీల వాలు. అలల్లో వేగంగా వెళ్తున్నా నడుము పట్టేయదు. కాకపోతే ఆపి గాలం వేసేటప్పుడు అదే వాలు వల్ల పక్కలకి ఎక్కువ ఊగుతుంది. రెండో బోటు వాలు 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. అల మీద దబ్బుమని పడుతుంది గానీ, నిలబెడితే నిలకడగా ఉంటుంది. పిల్లల్ని గాలి ట్యూబ్ మీద కూర్చోబెట్టి బోటు వెనక లాగాలంటే, తడవకుండా కూర్చోవాలంటే రెండోదే హాయి. ఇంట్లో ఇద్దరికి గాలం పిచ్చి, నలుగురికి నీళ్లలో ఆటల పిచ్చి ఉంటే మొదటిదాన్ని చూడనే అక్కర్లేదు.

ఇంజన్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫోర్-స్ట్రోక్ చప్పుడు తక్కువ, పొగ ఉండదు, గాలం వెనక వదిలి నెమ్మదిగా నడిపేటప్పుడు (ట్రోలింగ్) పెట్రోలు బాగా ఆదా అవుతుంది. పాత టూ-స్ట్రోక్ తేలిక, విప్పి బాగు చేయడం సులువు. కానీ నూనె తాగుతుంది, పొద్దున్నే స్టార్ట్ చేస్తే పొగ కమ్మేస్తుంది, కొన్ని సరస్సుల్లోకి దాన్ని అసలు రానివ్వరు. మీరు వెళ్లే నీళ్లలో ఆ నిబంధన ఉందేమో ముందే కనుక్కోండి. ఉంటే ఇక చర్చే లేదు.

ఇక్కడిదాకా ఎవరైనా మొదటి బోటే కొంటారు. నాతో వచ్చిన బావమరిది కూడా అదే అన్నాడు. "బావా, ఇంజనే కదా బోటుకి ప్రాణం, ఇంకా ఆలోచన దేనికి?" అని. నా సమాధానం ఒక్కటే: ఇంజను ప్రాణమే, కాదనను. కానీ ఆ ప్రాణం వేలాడేది బోటు వెనక పలక మీద. దాన్నే ట్రాన్సమ్ అంటారు. కొనే ముందు నేను అన్నిటికంటే ఎక్కువ టైమ్ దానికే ఇస్తాను.

ఆ కాలపు ఫైబర్ బోట్లు చాలావాటిలో ట్రాన్సమ్ అంటే రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్. ఫైబర్ కుళ్లదు, లోపలి చెక్క కుళ్లుతుంది. అందులోకి నీళ్లు పోయే దారులన్నీ మనం చేసిన రంధ్రాలే: ఇంజను బోల్టులు, నిచ్చెన స్క్రూలు, ఫిష్ ఫైండర్ (నీటి కింద చేపల్ని చూపించే పరికరం) సెన్సర్ స్క్రూలు, అడుగున డ్రెయిన్ గొట్టం. ఉప్పునీటి కన్నా వాన నీళ్లతో ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే చెక్కను తినే బూజుకి ఉప్పు పడదు. కవర్ లేకుండా ఏళ్ల తరబడి ట్రైలర్ మీద వానలో నిలబెట్టిన బోటు, రోజూ సముద్రంలోకి వెళ్లే బోటు కన్నా ముందే కుళ్లిపోవచ్చు.

మొదటి బోటు మీద నాకు అనుమానం వచ్చింది కూడా ఆ కొత్త ఇంజను వల్లే. మూడు సిలిండర్ల 90 టూ-స్ట్రోక్ సుమారు 120 కిలోలు ఉంటుంది. 115 ఫోర్-స్ట్రోకులు 160 నుంచి 185 కిలోల దాకా ఉంటాయి. అంటే ఇరవై ఏళ్ల పలక మీద నాలుగేళ్లుగా అదనంగా ఓ నలభై నుంచి అరవై అయిదు కిలోలు వేలాడుతున్నాయి. ఎంత ఇంజను బిగించొచ్చో చెప్పే బోటు మీది కంపెనీ ప్లేటు 115 హెచ్‌పీ దాకా ఒప్పుకుంటుంది, కాబట్టి అమ్మేవాళ్లది తప్పేమీ కాదు. కానీ ఆ ప్లేటు రాసింది చెక్క కొత్తగా ఉన్నప్పుడు.

చూసే పద్ధతి కష్టమైనదేమీ కాదు. ప్లాస్టిక్ సుత్తితో పై అంచు నుంచి కిందికి ఒక్కో బెత్తెడు దూరంలో తట్టుకుంటూ రండి. గట్టి చోట ఠక్కుమని పలుకుతుంది, కుళ్లిన చోట దబ్‌మని చచ్చిన చప్పుడు వస్తుంది. తర్వాత ఇంజనును సగం పైకి లేపి, కింది భాగం మీద ఒకరు బరువు వేసి ఊపుతుంటే, ఇంకొకరు ఇంజను బ్రాకెట్ పలకను తాకే చోట కళ్లు పెట్టి చూడాలి. అక్కడ వెంట్రుకవాసి కదలిక కనిపించినా ఆగిపోవాలి. తేమ మీటరు వాడొచ్చు గానీ దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి, పైనున్న పెయింటు, తడి కూడా దాన్ని తికమక పెడతాయి.

మొదటి బోటు ట్రాన్సమ్ పై భాగమంతా ఠక్కుమంది. ఫిష్ ఫైండర్ సెన్సర్ దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మారింది. అమ్మే పెద్దాయన్ని అడిగి, ఆయన ఎదుటే అక్కడి స్క్రూ ఒకటి విప్పాను. స్క్రూ బయటికి రాగానే దాని వెనకాలే ముదురు గోధుమ రంగు నీళ్లు చుక్కలు చుక్కలుగా కారాయి. బోటు పది రోజులుగా పొడి నేల మీదే ఉంది. స్క్రూ మరల మధ్య పీచులా చెక్కపొట్టు ఇరుక్కుని ఉంది, వేళ్లతో నలిపితే మెత్తగా నలిగిపోయింది, నానిన దుంగ వాసన వేసింది. పెద్దాయన ముఖం చూస్తే నాకే బాధేసింది. "బాబూ, నాకు నిజంగా తెలియదు" అన్నాడు. నేను నమ్మాను. బయట నుంచి చూస్తే ఎవరికీ తెలియదు మరి.

అక్కడితో ఆగకుండా దాన్ని నీళ్లలోనూ నడిపి చూశాం. ఆ ఇంజనుకి ఫుల్ థ్రాటిల్‌లో 5000 నుంచి 6000 ఆర్‌పీఎం ఉండాలి. ఇద్దరమే ఉన్నాం, ట్యాంకు పావు వంతే ఉంది, ఇంత తక్కువ బరువుతో 6000 దగ్గరికి వెళ్లాలి, అయినా 5100 దాటలేదు. ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి ముందుకు తోసే దూరం) ఎక్కువైనా అలా అవుతుంది, కాబట్టి దాన్నే రుజువు అనుకోకూడదు. కానీ ట్రాన్సమ్ తడిసిన బోటులో అది వింటే, ఫ్లోరు కింది ఫోమ్ కూడా నీళ్లు పీల్చిందేమోనని చూడాల్సిందే. వేబ్రిడ్జి మీద ట్రైలర్‌తో సహా తూచి, ట్రైలరు, ఇంజను, పెట్రోలు, బ్యాటరీ బరువులు తీసేసి, కంపెనీ చెప్పిన ఖాళీ బోటు బరువుతో పోల్చండి. వంద కిలోలకు పైగా తేడా ఉంటే ఆ బరువు నీళ్లదే అయ్యే అవకాశం ఎక్కువ.

ఇంజను పోతే ఒక్క రోజులో ఇంకోటి బిగించుకోవచ్చు. ట్రాన్సమ్ పోతే ఇంజను దించాలి, ఫైబర్ కోయాలి, కుళ్లిన చెక్కంతా తవ్వి తీయాలి, కొత్త ప్లైవుడ్ పెట్టి మళ్లీ ఫైబర్ వేయాలి. కుళ్లు అడుగు దూలాల్లోకి కూడా పాకి ఉంటే ఫ్లోరు కూడా ఎత్తాలి. ఈ సైజు పాత బోట్లకి ఆ కూలీయే చాలాసార్లు బోటు విలువను మించిపోతుంది. పట్టించుకోకుండా తిరిగితే ఏదో ఒక రోజు అలల మధ్య ఇంజను పలకతో సహా ఊడి రావచ్చు. అది ఒడ్డు దగ్గరే జరుగుతుందని ఎవరు చెప్పగలరు?

రెండో బోటు ట్రాన్సమ్ మూల నుంచి మూలదాకా ఒకే చప్పుడు. విప్పిన స్క్రూ పొడిగా, మెరుస్తూ వచ్చింది. ఇక ఇంజను. మేం వెళ్లగానే కవరు తీసి చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది, అంటే మన కోసం ముందే వేడి చేసి పెట్టలేదు. కంప్రెషన్, అంటే సిలిండర్లో పుట్టే ఒత్తిడి, మూడు సిలిండర్లకీ 120, 117, 120 పీఎస్‌ఐ వచ్చింది. ఎక్కువ తక్కువల మధ్య పది శాతం లోపు తేడా ఉంటే నేను ఒప్పుకుంటాను. గేర్ నూనె కాస్త వదిలి చూస్తే పాలలా తెల్లగా లేదు, అంటే సీళ్లు నీళ్లను లోపలికి రానివ్వడం లేదు. కూలింగ్ నీటి ధార మాత్రం సన్నగా ఉంది. ఆ నీళ్లు తోడే రబ్బరు చక్రం, అదే ఇంపెల్లర్, మార్చాలి, అది చిన్న ఖర్చే. కార్బురేటర్లు కూడా శుభ్రం చేయించాలి.

కొందరు వేరే రకాల గురించి కూడా అడుగుతున్నారు. అల్యూమినియం బోటులో చెక్క బెడద తక్కువ, అయినా పలక లోపల ప్లైవుడ్ ఉండే రకాలు చాలా ఉన్నాయి, రివెట్లూ చూసుకోవాలి. ఎవిన్‌రూడ్ ఇంజనుతో చవగ్గా వస్తే, 2020లో ఆ ఔట్‌బోర్డుల తయారీ ఆపేశారని గుర్తుంచుకుని స్పేర్ల సంగతి ముందే కనుక్కోండి. పాత బోస్టన్ వేలర్ అయితే మునగదు కదా, తట్టి చూడక్కర్లేదు కదా అంటారు. 1961లో లైఫ్ పత్రికలో రంపంతో కోసి చూపించిన బోటు అదే, ఫోమ్ వల్ల నిజంగానే మునగదు. కానీ ఆ పాత బోట్ల ట్రాన్సమ్‌లోనూ చెక్కే ఉంది. తట్టి చూడండి.

నేను రెండోదే కొన్నాను. మొదటిదాని ట్రాన్సమ్ పొడిగా ఉండుంటే రెండో మాట లేకుండా అదే తెచ్చుకునేవాణ్ణి, ఆ సెంటర్ కన్సోల్ మీద ఆశ నాకింకా పోలేదు. తెచ్చుకున్న వారానికే ఇంపెల్లర్ మార్చాను, ఇప్పుడు ధార గట్టిగా కొడుతోంది. వెనక పలక మీద మొత్తం పదకొండు స్క్రూలున్నాయి. నీళ్లు చెక్కలోకి పోకుండా ఒక్కొక్కటీ విప్పి, రంధ్రాన్ని కాస్త వెడల్పు చేసి, ఎపాక్సీ జిగురు నింపి, ఆరాక మళ్లీ బెజ్జం పెట్టి బిగిస్తున్నాను. ఏడు అయ్యాయి, ఇంకా నాలుగున్నాయి.