సన్మానానికి మై స్టాంప్ షీటు: ఏళ్ళ వాడకం తర్వాత, ముఖ్యంగా పటం గురించి

మై స్టాంప్ అంటే మనమిచ్చిన ఫొటోను స్టాంపుల పక్కన అచ్చువేసి తపాలా శాఖ ఇచ్చే షీటు. దాన్ని సన్మాన కానుకగా ఇవ్వాలనుకునే క్లబ్బులకి ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. షీటు చేతికి రాగానే తిన్నగా పటాలు కట్టే షాపుకి ఇచ్చెయ్యకండి. మా తిరుపతి స్టాంపుల సేకర్తల క్లబ్బులో, ఏళ్ళ తరబడి పనులు మోసిన వలంటీర్లకి చాలాకాలంగా ఈ షీట్లే ఇస్తున్నాం. పాడైనవన్నీ పటంలో ఉన్నవే. ఆల్బమ్‌లో పెట్టుకున్నవాళ్ళ షీట్లు ఇప్పటికీ కొత్తగానే ఉన్నాయి.

ఫారం, గుర్తింపు కార్డు, ఫొటో ఎలా ఇవ్వాలన్న సంగతులు కౌంటర్లో చెబుతారు, వాటి జోలికి పోను. ఈ షీటే ఎందుకంటే, మన దేశంలో బతికున్నవాళ్ళ మీద స్మారక స్టాంపు వెయ్యడం చాలా అరుదు. 1980లో మదర్ తెరెసాకి, 2013లో సచిన్ టెండూల్కర్‌కి దక్కింది. స్టాంపులతోనే బతుకంతా గడిపినవాళ్ళకి తమ ముఖం చెల్లుబాటయ్యే స్టాంపు పక్కన కనబడటం ఏ శాలువాకీ సాటిరాని గౌరవం.

మాది డెఫినిటివ్ సిరీస్‌లకే, అంటే రోజువారీ టపాకి వాడే మామూలు స్టాంపులకే, పరిమితమైన క్లబ్బు, 1957 నాటి నయా పైసల మ్యాప్ సిరీస్ మీద పని ఎక్కువ. సభ్యులు వదులుకోదలచిన స్టాంపుల పొట్లాన్ని, అంటే ఎక్స్ఛేంజ్ ప్యాకెట్‌ను, అందరి దగ్గరికీ తిప్పే సభ్యుడు అనుమానం ఉన్న ప్రతి స్టాంపునూ నల్ల ట్రేలో బోర్లా వేసి, కాగితంలో దాగి ఉండే గుర్తు (వాటర్‌మార్క్) నక్షత్రాలదా, 1958 నుంచి వచ్చిన అశోకుడి సింహాలదా అని తేల్చాలి. స్టాంపు తీసుకున్నవాళ్ళ చేత ఖాళీ గడిలో సంతకం పెట్టించాలి, డబ్బు లెక్క సరిచూసి తర్వాతి సభ్యుడికి పంపాలి. ఎవరి కంటా పడని పని ఇది. పేరూ పనీ రెండూ నిలిచిపోయే గుర్తు అలాంటివాళ్ళకి ఇవ్వాలి.

పటం సంగతికి వస్తాను. తిరుపతిలో పటాలు కట్టేవాళ్ళ చెయ్యి శ్రీవారి పటాలకి అలవాటుపడింది. బొమ్మను అద్దానికి ఆనించి, వెనక అట్టో, చెక్కపొడిని అదిమి చేసిన ఎండీఎఫ్ పలకో పెట్టి, మేకులు కొట్టి, అంచుల చుట్టూ టేపు అంటిస్తారు. మెరుపు కోసం కొందరు బొమ్మను ముందే పారదర్శక ప్లాస్టిక్ కవర్లో దూరుస్తారు. ఆఫ్‌సెట్‌లో అచ్చయిన దేవుడి బొమ్మకి దీనివల్ల పెద్ద నష్టం లేదు. స్టాంపు షీటు స్వభావం వేరు. దాని వెనక జిగురుంది. ముందువైపు ఫొటో, కనీసం మాకు వచ్చిన షీట్లలో, లేజర్ ప్రింటర్లలో వాడే టోనర్ పొడితో పడింది. పటంలో ఈ రెండూ దెబ్బతింటాయి.

2021 నవంబర్ వానలు తిరుపతివాళ్ళకి గుర్తుండే ఉంటాయి. ఆ వానలు తెరిపిచ్చాక గోడల మీంచి దింపి చూస్తే మా పటాల్లో చాలావాటి పరిస్థితి ఒకటే. జిగురు గాలిలో తేమను కాగితం కన్నా ఎక్కువగా పీల్చి ఉబ్బుతుంది, షీటు ముందుకు వంగుతుంది. ఎండ కాసి ఆరితే జిగురు కుంచించుకుని వెనక్కి లాగుతుంది. అద్దానికీ అట్టకీ మధ్య కదిలే చోటు లేక షీటు అప్పడంలా వంకరలు తిరిగింది. మెత్తబడిన జిగురు వెనక అట్టకి అక్కడక్కడా అతుక్కుంది. అతుక్కున్న చోట కాగితం నిలిచిపోయి, మిగతా చోట లేచి, స్టాంపులు చింపడానికి వేసిన చిల్లుల వరుసల (పెర్ఫొరేషన్) దగ్గర చీలింది.

అంతకన్నా బాధపెట్టింది ప్లాస్టిక్ కవర్లో ఉన్న షీట్ల సంగతి. మెత్తటి పీవీసీ కవర్లో మెత్తదనం కోసం కలిపే నూనెలాంటి పదార్థం మెల్లగా బయటికి వచ్చి టోనర్‌లోని రెసిన్‌ను కరిగిస్తుంది. కవరు తీస్తే స్టాంపు భాగం బాగానే ఉంది, ఫొటో మాత్రం ముక్కలుగా కవరుకి అంటుకుని వచ్చేసింది. సన్మానం పొందిన మనిషి ముఖమే పోయింది. దీనికి మందు లేదు, ఊడిన టోనర్ మళ్ళీ కాగితం ఎక్కదు.

అప్పట్నుంచి పటం కట్టించే పద్ధతి మొత్తం మార్చాం. షీటు పెర్ఫొరేషన్ అంచుకి తగలకుండా కొలత తీసుకుని, ఆసిడ్ లేని మౌంట్ బోర్డులో కిటికీ కోయిస్తాం. అద్దానికీ షీటుకీ మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఒక బోర్డు మందం చాలకపోతే రెండు వేయించాలి. షీటును గమ్‌తో గానీ సెల్లో టేపుతో గానీ అంటించకూడదు. నాలుగు మూలలా పాలిస్టర్ ఫొటో కార్నర్లు పెట్టి, వాటిలోకి వదులుగా దూర్చాలి, కాగితం పెరగడానికీ తరగడానికీ చోటుంటుంది. జిగురువైపు తగిలేది పలచని పాలిస్టర్ షీటు అయితే మంచిది, తేమలోనూ తొందరగా అతుక్కోదు. పాలిస్టర్‌ను గుర్తుపట్టడం తేలిక: ఆడిస్తే గలగలమంటుంది, వాసన రాదు. పీవీసీ మెత్తగా ఉండి కొత్త ప్లాస్టిక్ వాసన కొడుతుంది. ఎండీఎఫ్ తప్పదన్నచోట దాని మీద అల్యూమినియం రేకు కప్పిస్తే పలక నుంచి వచ్చే ఆసిడ్ ఆవిరి షీటు దాకా రాదు. పటం వెనక కింది మూలల్లో రబ్బరు బిళ్ళలు అంటిస్తే గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. పడమటి ఎండ పడే గోడా, స్నానాల గది గోడా వద్దని ఇచ్చేటప్పుడే చెప్పాలి.

అట్టకి అతుక్కున్న షీటును లాగకండి, నీళ్ళలో వెయ్యకండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో తడి స్పాంజి పెట్టి, దాని మీద జాలీ ఉంచి, జాలీ మీద షీటును అట్టతో సహా పెట్టి మూత వెయ్యాలి. అరగంటకోసారి చూస్తూ, దానంతట అది వదిలినంత మేరకే చదునైన పట్టకారుతో లేపాలి. జిగురు కొంత దెబ్బతింటుంది గానీ కాగితం దక్కుతుంది.

మొదట్లో మేము ఈ షీటును మెచ్చుకున్నంతగా ఇప్పుడు మెచ్చుకోలేను. ఫొటో గడి చాలా చిన్నది, ఛాయ ఒక మెట్టు ముదిరి పడుతుంది. లేత రంగు గోడ ముందు భుజాల దాకా తీసిన ఫొటోను కొంచెం వెలుగు పెంచి ఇస్తేనే మనిషి పోలిక వస్తుంది. భార్యాభర్తలిద్దరినీ ఒకే ఫొటోలో పెడితే ఇద్దరూ చిన్నబోతారు. చేసిన పనేమిటో చెప్పడానికి షీటు మీద చోటే లేదు. అందుకని పటం కింద విడిగా ఒక పలక పెట్టిస్తాం. దాని మీద "విశేష సేవలకు" అని కాకుండా "మ్యాప్ సిరీస్ ఎక్స్ఛేంజ్ ప్యాకెట్ నిర్వహణ", "స్పర్శ్ స్కాలర్‌షిప్ పరీక్షకి పిల్లల శిక్షణ" (స్పర్శ్ అంటే స్టాంపులు సేకరించే పిల్లలకి తపాలా శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్) అని పనినే రాయించి, పక్కన ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకో వేయిస్తాం. అమెరికన్ ఫిలాటెలిక్ సొసైటీ నికొలస్ కార్టర్ పేరున వలంటీర్లకే ప్రత్యేకంగా అవార్డులు ఇస్తుంది. పరిశోధకులకీ ఎగ్జిబిటర్లకీ ఇచ్చేవాటితో కలపకుండా సేవను సేవగానే గుర్తించడం మనవాళ్ళూ చెయ్యదగ్గ పని.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం రెండో షీటు. ఒక్కొక్కరికి రెండు షీట్లు, అంటే 600 రూపాయలు, పెట్టి తీసుకుంటాం. ఒకటి చింపకుండా పటానికి. రెండోదాన్ని విడదీస్తే పన్నెండు స్టాంపులు, కవరుకి ఒకటి. స్టాంపు విలువ 5 రూపాయలు, 20 గ్రాముల లోపు మామూలు ఉత్తరానికి సరిగ్గా అదే చార్జీ. కవరు లోపల పోస్టుకార్డు సైజులో 300 జీఎస్ఎం అట్ట పెడితే ముద్ర చదునుగా పడుతుంది, అట్ట బరువు 4 గ్రాములకి మించదు. ఆ అట్ట మీద సభ్యులు తలా రెండు మాటలు రాసి, సన్మానం రోజునే హెడ్ పోస్టాఫీసులో చేత్తో ముద్ర వెయ్యమని అడిగి పోస్టు చేస్తారు. తర్వాతి రోజుల్లో ఆ కవర్లు ఒక్కొక్కటే ఆ ఇంటి గుమ్మంలోకి వెళ్తాయి. ముందు రిజిస్టర్డ్‌లో పంపేవాళ్ళం. 2025 సెప్టెంబర్ 1 నుంచి అది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి ఇప్పుడు మామూలు టపానే. ఒకటీ అరా చేరకపోవచ్చు, అందుకే రెండు స్టాంపులు పక్కన ఉంచుతాం.

మాది చిన్న క్లబ్బు, ఏడాదికి ఒకరిద్దరికి మించి సన్మానం ఉండదు, కాబట్టి ఇంత శ్రద్ధ పెట్టగలుగుతున్నాం. ఒకే సభలో ఇరవైమందికి ఇవ్వాల్సిన చోట పటాల జోలికి పోకుండా షీటును పాలిస్టర్ కవర్లో, గట్టి ఫోల్డర్లో పెట్టి ఇవ్వడం మేలేమో. గోడకి ఏదో ఒకటి ఉండాల్సిందే అనుకునేవాళ్ళకి మాధవమాల కొయ్యబొమ్మో కాళహస్తి కలంకారీయో మన తేమకి ఇంతకన్నా బాగా తట్టుకుంటాయి. ఎలా ఇచ్చినా దరఖాస్తు సభకి నెల ముందే పెట్టండి. ముందుగా అచ్చయిన ఖాళీ షీట్లు కౌంటర్లో నిండుకుంటే తెప్పించడానికి టైం పడుతుంది, అడిగిన డిజైన్ ఆ రోజుకి దొరక్కపోవచ్చు.