లీటరు ఇంజనా, 1.2 లీటరా, సీఎన్‌జీనా? హైదరాబాద్ రోడ్లకు ఏ చిన్న కారు మేలు?

ఉప్పల్‌లో ఉండే మా పిన్ని కూతురు మొదటి కారు కొనబోతోంది. వ్యాగన్ఆర్ అని దాదాపు నిశ్చయించుకుంది కానీ ఒక్కచోట ఆగిపోయింది. "ఒక లీటరు ఇంజనైతే మైలేజీ ఎక్కువట. 1.2 లీటరుదైతే పికప్ బాగుంటుంది కానీ పెట్రోలు తాగేస్తుందట. ఆయనేమో సీఎన్‌జీ తీసుకుందామంటున్నారు. ఏది మంచిది అన్నయ్యా?" అని అడిగింది. ఆ కారులో ఎక్కేది తనవాళ్లు కాబట్టి తోచిన మాట చెప్పి ఊరుకోలేక, కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

ముందు కంపెనీ చెప్పే అంకెలే చూద్దాం. మాన్యువల్ గేర్ల వ్యాగన్ఆర్‌లో ఒక లీటరు ఇంజను లీటరు పెట్రోలుకు 24.35 కిలోమీటర్లు ఇస్తుందంటారు. 1.2 లీటరు ఇంజను 23.56 ఇస్తుందంటారు. తేడా కిలోమీటరు కూడా లేదు. మా చెల్లెలు ఏడాదికి తిరిగేది ఆరు వేల కిలోమీటర్లు. ఆ దూరానికి ఈ తేడా ఎనిమిది లీటర్లు, అంటే లీటరు 107 రూపాయలు అనుకుంటే ఏడాదికి తొమ్మిది వందల రూపాయలు. "పెట్రోలు తాగేస్తుంది" అన్న మాట వెనుక ఉన్న అసలు మొత్తం ఇంతే.

ఆ అంకెలు ప్రయోగశాలలో వచ్చినవి. అక్కడ రోలర్ల మీద, ఏసీ ఆపేసి, గంటకు 90 కిలోమీటర్ల వేగం దాటకుండా బండిని నడుపుతారు. అమీర్‌పేట సాయంత్రపు ట్రాఫిక్ ఆ గదిలోకి రాదు. ఊళ్లో నడిపితే చిన్న ఇంజనుకు 15, పెద్దదానికి 14 వచ్చాయనే అనుకుందాం. అప్పుడు కూడా ఆమెకు ఏడాదికి తేడా 29 లీటర్లు, సుమారు మూడు వేల వంద రూపాయలు.

ఆ డబ్బుకు బదులుగా దక్కేదేమిటి? ఒక లీటరు ఇంజను శక్తి సుమారు 66 హార్స్‌పవర్, టార్క్ (అంటే తిప్పే బలం) 89 న్యూటన్ మీటర్లు. 1.2 లీటరుది సుమారు 89 హార్స్‌పవర్, 113 న్యూటన్ మీటర్లు. బ్రోషర్‌లో ఉండే హార్స్‌పవర్ ఇంజను గట్టిగా తిరిగినప్పుడే వస్తుంది. ట్రాఫిక్‌లో మనం నడిపేది నిమిషానికి రెండు వేల చుట్ల దగ్గర. అక్కడ చిన్న ఇంజను ఇచ్చేది పాతిక హార్స్‌పవర్ లోపే. అందులో మూడు నాలుగు ఏసీ కంప్రెసర్ లాక్కుంటుంది. పెద్ద ఇంజను బండిలో ఈ మూడు నాలుగు అంతగా తెలియవు. చిన్న బండిలో ఏసీ వేసిన మరుక్షణం కాలి కింద తేడా తెలిసిపోతుంది.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలుచబడుతుంది. గాలిని లోపలికి నెట్టే టర్బో లేని ఇంజను తనంతట తానే గాలి పీల్చుకోవాలి కాబట్టి సముద్ర తీరంలో ఇచ్చే శక్తిలో అయిదు శాతం దాకా ఇక్కడ తగ్గుతుంది. మే నెల ఎండలో వేడి గాలి ఇంకా పలుచన. దానికి తోడు ఇది దక్కన్ రాళ్ల మీద కట్టిన ఊరు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఎటు తిరిగినా ఎక్కుడే. అయిదుగురు కూర్చుని, ఏసీ వేసి, ఫిల్మ్‌నగర్ ఎక్కుడు మధ్యలో ట్రాఫిక్ ఆగితే, ఒక లీటరు బండిని మళ్లీ కదిలించడానికి ఫస్ట్ గేరులో గట్టిగా తొక్కక తప్పదు. అలా తొక్కిన ప్రతిసారీ ఆ బండి మైలేజీ 1.2 లీటరు బండి మైలేజీ దగ్గరకు జారుతుంది. చిన్న ఇంజనును పెద్ద పనికి పెడితే ఆదా మిగలదు. ఒక్కరే, సమతలంగా, నెమ్మదిగా నడిపేవారికి మాత్రం అది నిజంగానే మిగులుస్తుంది. ఎల్బీనగర్ చుట్టుపక్కలే తిరిగే పదవీ విరమణ చేసిన దంపతులకైతే ఒక లీటరు ఇంజనే చాలంటాను.

మా పిన్ని వాళ్లుండేది వికారాబాద్‌లో. చెల్లెలు నెలకోసారి అక్కడికి వెళ్తుంది. పికప్ అంటే కుర్రకారు సరదా అనుకునేవారు ఒక్కసారి చేవెళ్ల మర్రిచెట్ల దారిలో లారీ వెనుక నడిపి చూడాలి. ఎదురుగా బస్సు కనిపిస్తూ ఉండగా లారీని దాటడానికి పట్టే సమయం ప్రాణానికి సంబంధించినది. ఔటర్ రింగ్ రోడ్డు మీదా అంతే. అక్కడ పక్క దారి నుంచి ఎక్కి వచ్చేసరికి కుడి వరుసల్లో బండ్లు 120తో దూసుకుపోతుంటాయి, వాటి మధ్యలోకి చేరడానికి మన బండి వెంటనే వేగం అందుకోవాలి. ఏడాదికి మూడు వేలు ఆ భద్రత కోసం పెట్టడానికి నేను ఒక్క క్షణం కూడా వెనుకాడను. పిల్లలను ఎక్కించుకునే అమ్మాయికి ఇంకో సలహా చెప్పలేను.

ఇక బావగారి సీఎన్‌జీ. కంపెనీ అంకె కిలోకు 34.05 కిలోమీటర్లు. చూడగానే కళ్లు మెరుస్తాయి. కానీ అది కిలో లెక్క, పెట్రోలు లీటరు లెక్క. కిలో సీఎన్‌జీలో ఉండే శక్తి సుమారు ఒకటిన్నర లీటర్ల పెట్రోలుతో సమానం. కాబట్టి ఇంజను ఏమీ తక్కువ తినడం లేదు, తినే తిండి చౌక, అంతే. గాలితో పాటు గ్యాసు కూడా ఇంజను సిలిండర్లో చోటు ఆక్రమించుకోవడంతో శక్తి తగ్గుతుంది. అదే ఒక లీటరు ఇంజను సీఎన్‌జీ మీద ఇచ్చేది సుమారు 56 హార్స్‌పవర్, 82 న్యూటన్ మీటర్లు. పైగా గ్యాసు సిలిండర్ బరువు. పైన చెప్పిన ఎక్కుళ్లన్నీ దీనికి ఇంకా కష్టం.

డబ్బు లెక్క మాత్రం బలంగానే ఉంటుంది. కిలో 95 రూపాయలు, ఊళ్లో కిలోకు 25 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు 3.80 రూపాయలు. పెట్రోలు మీద 15 చొప్పున 7.13. కిలోమీటరుకు 3.33 మిగులు. బండి ధరలో తేడా తొంభై వేలు అనుకుంటే, 27 వేల కిలోమీటర్లు తిరిగాక అసలు వెనక్కు వస్తుంది. బావగారి సహోద్యోగి ఒకాయన హయత్‌నగర్ నుంచి రోజూ రానూపోనూ యాభై కిలోమీటర్లు నడుపుతారు. రెండేళ్లలోపే పెట్టుబడి తిరిగి వచ్చిందని ఆయన చెబుతారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, అది ఆయన విషయంలో నిజం. మా చెల్లెలు మాదాపూర్ ఆఫీసుకు ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రైలు మారకుండా వెళ్తుంది. బావగారికి కంపెనీ బస్సు ఉంది. ఇక కారు కదిలేది సాయంత్రాలు, సెలవు రోజులు. ఆరు వేల కిలోమీటర్ల చొప్పున 27 వేలు తిరగడానికి నాలుగున్నరేళ్లు.

డబ్బులో లెక్కకు రానివీ ఉన్నాయి. భాగ్యనగర్ గ్యాస్ బంకుల దగ్గర ఆటోల వరుస వెనుక నిలబడాలి. రద్దీ వేళ పంపులో ఒత్తిడి తగ్గి సిలిండర్ పూర్తిగా నిండదు. నింపేటప్పుడు పిల్లలతో సహా అందరూ దిగాలి. మూడేళ్లకోసారి సిలిండర్‌కు హైడ్రో పరీక్ష (నీటి ఒత్తిడితో గట్టిదనం చూడడం) చేయించాలి. డిక్కీలో పెద్ద సిలిండర్ కూర్చుంటే వికారాబాద్ నుంచి బియ్యం మూట తెచ్చుకోవడానికి చోటుండదు. డిక్కీ మీద పట్టుదల ఉంటే టియాగో సీఎన్‌జీ చూడవచ్చు. 2023 నుంచి టాటా రెండు చిన్న సిలిండర్లను డిక్కీ అడుగున సర్ది ఇస్తోంది. అందులో 1.2 లీటరు ఇంజను, సీఎన్‌జీ మీద సుమారు 72 హార్స్‌పవర్. రోజూ దూరం నడిపే వారికి, గ్యాసు కావాలి, బండి మరీ నీరసపడకూడదు అనుకుంటే నేను ముందు దాన్నే చూడమంటాను.

ఆటోమేటిక్ గేర్ల గురించి రెండు మాటలు. చిన్న కార్లలో వచ్చే ఏఎంటీ 2014లో మారుతి సెలెరియోతో మన దేశానికి వచ్చింది. గేర్లు మామూలువే, క్లచ్ తొక్కడం, గేరు మార్చడం యంత్రమే చూసుకుంటుంది. అందుకే కంపెనీ మైలేజీ మాన్యువల్ కంటే కాస్త ఎక్కువే ఉంటుంది. గేరు మారేటప్పుడు బండి ఒక్క క్షణం ఆగి ఊగినట్లు ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న వారికి పంజాగుట్ట ట్రాఫిక్‌లో అది వరమే. చిన్న ఇంజనుతో కలిస్తే మాత్రం మందకొడితనం రెట్టింపు అనిపిస్తుంది. ఏఎంటీ తీసుకుంటే 1.2 తోనే తీసుకోవాలి.

కొత్త బండి కాక, ఉన్న బండినే "లాగడం లేదు, మైలేజీ పడిపోయింది" అని అమ్మేయాలనుకునే వారు ఒక్క నిమిషం ఆగాలి. ఒకప్పుడు బాగా లాగిన బండి ఇప్పుడు లాగడం లేదంటే తప్పు ఇంజను పరిమాణానిది కాదు. మా పాత బండి 16 నుంచి 13కు పడిపోయినప్పుడు, నేను వెళ్లిన సర్వీసు కేంద్రంలో వయసైపోయింది, మార్చేయండి అన్నారు. మా వీధి చివరి మెకానిక్ పది కిలోమీటర్లు నడిపించి, నాలుగు చక్రాల రిమ్ములకు దగ్గరగా చేయి పెట్టి చూడమన్నాడు. వెనుక ఎడమ చక్రం కాలిపోతోంది. బ్రేకు పట్టేసి వదలడం లేదు. దాన్ని విప్పి శుభ్రం చేశాక బండి మళ్లీ పాత దారికి వచ్చింది. ఎయిర్ ఫిల్టర్ కూడా దుమ్ముతో మూసుకుపోయి ఉంది. కాలనీలో ఎప్పుడూ ఏదో ఒక కట్టడం నడుస్తూనే ఉంటుంది కదా. ఇప్పటి ఇంజన్లలో ఫిల్టర్ మూసుకుంటే మైలేజీ పెద్దగా తగ్గదు, పికప్ తగ్గుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అరిగినట్లు. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, దానిలో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. పాత బండ్లలో ఆరేడు శాతం మైలేజీ దీనివల్ల తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. అంటే 16 వచ్చేది 15 అవుతుంది. 13 అయితే మాత్రం బండిలో వెతకాల్సిందే.

మా చెల్లెలికి 1.2 లీటరు మాన్యువల్ పెట్రోలు తీసుకోమని చెప్పాను. బావగారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. షోరూమ్ వాళ్లు టెస్ట్ డ్రైవ్ అంటే ఖాళీ బండిలో సమతలం రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పి తెచ్చేస్తారు. అలా వద్దని, ఆదివారం మూడు బండ్లనూ ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏసీ వేసుకుని, ఫిల్మ్‌నగర్ ఎక్కుడు మీదకు తీసుకువెళ్లి మధ్యలో ఆపి మళ్లీ కదిలించి చూడమన్నాను. స్టీరింగ్ బావగారి చేతికే ఇమ్మన్నాను.