మా బస్తీ అంగన్‌వాడీ కేంద్రం: ఇద్దరు పిల్లల తల్లిగా నా సమీక్ష

సికింద్రాబాద్ వైపు అద్దె ఇంట్లో ఉంటున్న మా ఇద్దరు పిల్లలూ బస్తీలోని అంగన్‌వాడీ కేంద్రం నీడలోనే ఎదిగారు. పెద్దమ్మాయి కడుపులో ఉన్నప్పుడు ఆరోగ్యలక్ష్మి భోజనానికి పేరు రాయించుకున్న నాటి నుంచి, చిన్నవాడు బడి ఈడుకు వచ్చిన ఈ ఏడాది వరకు అక్కడి సేవలన్నీ వాడుకున్నాను. అంగన్‌వాడీ అనగానే చాలామంది గుడ్లు, బాలామృతం పంచే చోటు అనే అనుకుంటారు గానీ, నా లెక్కలో అక్కడ దొరికే అన్నిటికన్నా విలువైన సేవ నెలనెలా వేసే తూకం.

టీచర్ ప్రతి నెలా పిల్లల బరువు, ఎత్తు చూసి, వయసును బట్టి పెరుగుదల పట్టికలో చుక్క పెడతారు. మా చిన్నవాడికి ఏడాది నిండబోయే ముందు జ్వరం, విరేచనాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి తగ్గాయి. బాగానే ఆడుకుంటున్నాడు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఆ తర్వాత కూడా పట్టికలోని గీత పైకి ఎక్కకుండా అడ్డంగానే సాగుతోందని మొదట గమనించింది టీచరే. వెంటనే జబ్బ చుట్టుకొలత టేపు వేసి చూశారు. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో ఆ కొలత 12.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే పోషకాహార లోపమని, 11.5 కన్నా తగ్గితే తీవ్ర లోపమని లెక్క. మావాడు 12.5 హద్దుకు కాస్త పైనే ఉన్నా ఆమె అంతటితో వదిలిపెట్టలేదు. "పల్చగ పెట్టకమ్మా, గట్టిగ, మెత్తగ పెట్టు. పప్పన్నంల చెంచెడు నూనె ఎయ్యి, కొంచెం కొంచెం అయిదారు సార్లు తినిపియ్యి" అని చెప్పి, బస్తీ దవాఖానాలో చూపించమన్నారు. నగరంలో 2018 నుంచి మొదలైన ఈ దవాఖానాల్లో చూపించుకోవడానికి, మందులకు రూపాయి ఖర్చు ఉండదు. అక్కడ రక్తహీనత బయటపడింది, ఐరన్ మందు రాసిచ్చారు. కొన్ని నెలల్లో గీత మళ్లీ పైకి తిరిగింది. ఆ చుక్కలు పెట్టేవారే లేకపోతే వాడి పరిస్థితి మాకు ఎప్పటికి తెలిసేదో ఊహించుకోలేను.

ఇక ఆహారం సంగతి. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే బాలామృతంలో వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. వేడినీళ్లలో కలిపితే జావలా తయారవుతుంది, నెయ్యి చేర్చి ఉండలు చుడితే మా అమ్మాయి ఇంకా ఇష్టంగా తినేది. నాకైతే తీపి కాస్త ఎక్కువనిపించింది, అందుకే రోజుకు ఒక్క పూటకే పరిమితం చేశాను. వానాకాలంలో ప్యాకెట్ విప్పగానే మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలోకి మార్చకపోతే ఉండలు కడుతుంది. గుడ్లు మాత్రం కొన్ని నెలల్లో ఆలస్యంగా వచ్చాయి, కొన్నిసార్లు మరీ చిన్నవి వచ్చాయి.

టీకాల విషయంలో నాకు ఏ లోటూ కనిపించలేదు. తట్టు, రుబెల్లా టీకా తొమ్మిది నెలలు నిండాక వేయించాలని ముందు రోజే ఇంటికి కబురు వచ్చింది.

నన్ను బాధపెట్టేది బడి ముందు చదువు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలందరినీ ఒకే అద్దె గదిలో కూర్చోబెట్టి, అదే గదిలో ఒక మూల వంట చేస్తూ, మరో మూల సరుకులు పెట్టుకుని నడిపే కేంద్రంలో ఆటపాటలకు చోటెక్కడిది? అన్నిటికన్నా టీచర్ సమయం ఫోన్‌లో వివరాలు ఎక్కించడానికి, రిజిస్టర్లు నింపడానికి, సర్వేలకు కరిగిపోతోంది. పాటలు, బొమ్మలతో లెక్కలు నేర్పేటప్పుడు ఆమె ముఖంలో కనిపించే ఉత్సాహం చూసిన నాకు, ఆ గంటలను ఆమెకూ పిల్లలకూ తిరిగి ఇవ్వాలని గట్టిగా అనిపిస్తుంది. మధ్యాహ్న భోజనం అయ్యాక మా కేంద్రంలో పిల్లలను ఇంటికి పంపేస్తారు కాబట్టి, సాయంత్రం దాకా పనికి వెళ్లే తల్లులకు ఇది పిల్లల సంరక్షణ కేంద్రంగా సరిపోదు. మా పక్కింటి ఆవిడ ఈ కారణంగానే తన పాపను అత్తగారి దగ్గర వదులుతోంది.

అయినా పిల్లలను ప్రైవేటు ప్లేస్కూల్‌కు పంపగలిగిన వారు కూడా నెలకోసారి తూకానికి, టీకాలకు అంగన్‌వాడీకి వెళ్లాలనే నా సలహా. పేరు నమోదుకు ఆధార్, తల్లీబిడ్డల కార్డు తీసుకెళ్లండి. అద్దె ఇల్లు మారితే పాత కేంద్రంలోని వివరాలను కొత్త కేంద్రానికి బదిలీ చేయమని వెళ్లే ముందే టీచర్‌ను అడగండి, పెరుగుదల పట్టికను ఫోటో తీసి దగ్గర ఉంచుకోండి.