వెయిన్ అంటే వెనక్కి: నాలుగేళ్ల కొండగుర్తుల అనుభవం

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా జీవశాస్త్రం కోసం కొండగుర్తుల నోటుపుస్తకం ఒకటి మొదలుపెట్టాం. ఇప్పుడు తను ఇంటర్ రెండో ఏడాది బైపీసీ. మైటోకాండ్రియా కణానికి పవర్‌హౌస్ లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. తప్పు పోలిక ఒకటి రెండేళ్లపాటు మా ఇంట్లో తిష్ట వేసింది. దాని మీద కోపం నాకు ఇంకా తీరలేదు.

బాగా పనికొచ్చినవీ ఉన్నాయి. కొవ్వులో కరిగే విటమిన్లకు "ఈ ఏడుకే" అని పెట్టుకున్నాం: ఈ, ఏ, డి, కే. మళ్లీ పుస్తకం తెరవాల్సిన పని పడలేదు. గుండె కవాటాలకు "కుడి మూడు, ఎడమ రెండు". కుడివైపు త్రిపత్రం, ఎడమవైపు ద్విపత్రం.

చిక్కంతా రక్తనాళాల పాఠంతో వచ్చింది. మా చిన్నప్పుడు బడిలో మంచి రక్తం, చెడు రక్తం అనే నేర్పారు. దాన్నే పట్టుకుని డాబా మీద ట్యాంకు, అందులోంచి ఎర్ర స్కెచ్‌పెన్నుతో దిగే మంచినీళ్ల పైపు, నీలం రంగులో పెరట్లోకి పోయే మురుగు పైపు గీసి ఇచ్చాను. ఎర్రది ధమని (ఆర్టరీ), నీలంది సిర (వెయిన్). అమ్మాయికి ఎంతో నచ్చింది.

నిరుడు కాలేజీలో నీట్ పద్ధతిలో పెట్టిన వారం పరీక్షలో, ఊపిరితిత్తుల నుంచి గుండెకు ఆక్సిజన్ నిండిన రక్తాన్ని తెచ్చే నాళం ఏదని అడిగారు. ముందు పల్మనరీ వెయిన్ అనే అనుకుందట. అంతలో మా ట్యాంకు బొమ్మ గుర్తొచ్చి ఆర్టరీ దగ్గర నింపింది. నాలుగు మార్కులు రాకపోగా చేతిలోది ఒకటి పోయింది. ఇంటికొచ్చి, "మురుగు పైపులో మంచి రక్తం ఎలా వస్తుందమ్మా?" అని అడిగింది. ఏం చెప్పను? బొమ్మ గీసింది నేనే. పోర్టల్ వెయిన్ దగ్గర ఆ పోలిక మరీ అన్యాయం. పేగులు పీల్చుకున్న గ్లూకోజు, అమైనో ఆమ్లాలు కాలేయానికి చేరేది ఆ సిరలోనే. తిన్న అన్నం సారం మురుగు పైపులో పోతుందని పిల్లలకు ఎలా చెబుతాం?

రెండు రోజుల తర్వాత అమ్మాయే ఆ పేజీ కొట్టేసి కింద రాసుకుంది: "వెయిన్ = వెనక్కి." గుండెకు వెనక్కి వచ్చేది వెయిన్, గుండె నుంచి అవతలికి పోయేది ఆర్టరీ. లోపల ఏ రక్తం ఉందన్నది వేరే లెక్క. దానికి నేను తెలుగు జోడించాను. సిరి ఇంటికి వస్తుంది, సిర గుండెకు వస్తుంది. వచ్చిన సిరి తిరిగి పోకుండా తలుపులూ ఉన్నాయి, కాళ్ల సిరల్లోని కవాటాలు! అది మేం వెతికి పెట్టింది కాదు, దానంతట అదే కుదిరింది. ఆ సాయంత్రం ఇద్దరం ఎంత సంతోషపడ్డామో చెప్పలేను.

ఇప్పుడు ప్రతి పోలిక కిందా గీత గీసి "ఇక్కడ చెల్లదు" అని రాస్తుంది. ఈ పేజీలో ఉన్నవి రెండు: పోర్టల్ వెయిన్ నేరుగా గుండెకు రాదు, కాలేయం దగ్గర ఆగుతుంది, పల్మనరీ వెయిన్‌లో కవాటాలు ఉండవు.

"ఈ ఏడుకే" పేర్లు అందిస్తుంది గానీ వాటి పని చెప్పదు. రక్తం గడ్డకట్టడానికి కావలసింది విటమిన్ కే అని విడిగా చదువుకోవలసే వచ్చింది. పైగా ఒకసారి ఆ విటమిన్లు ఏడని రాసి వచ్చింది.

మా అమ్మాయి మాటలతో గుర్తుపెట్టుకునే పిల్ల. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు కాబట్టి రెండిటి మధ్యా మాకు ఇలాంటివి దొరికాయి. పక్కింటి అబ్బాయికి ఇదే పుస్తకం ఇస్తే పది రోజులకు తిరిగి ఇచ్చేశాడు. తన చేత్తో బొమ్మ వేసుకుంటే తప్ప అతనికి పట్టదట.

మూత్రపిండాల్లో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. జల్లెడ అని మొదలుపెట్టి ఆపేశాను. రోజుకు సుమారు 180 లీటర్లు వడకట్టి, అందులో దాదాపు 99 శాతం మళ్లీ రక్తంలోకి పంపే జల్లెడ మా వంటింట్లో కనిపించలేదు. అమ్మాయి ప్రస్తుతం బొమ్మ వేసుకునే చదువుతోంది.