రెమీ మార్టిన్ ఎక్స్‌ఓ: పోసి అరగంట ఆగండి

ఇది కోన్యాక్, అంటే ఫ్రాన్స్‌లోని కోన్యాక్ ప్రాంతంలో ద్రాక్షతో చేసే బ్రాందీ. మొదటిరోజు ఈ సీసా నాకు నచ్చలేదు. తప్పు నాదే. పోసిన మరుక్షణమే గ్లాసులో ముక్కు పెట్టేశాను. 40 శాతం ఆల్కహాల్ కదా, ఘాటు నషాళానికి అంటింది. ఇక ఆ రాత్రి ఏ వాసనా తెలియలేదు. ఇంత పేరున్నది ఇదేనా అనుకుంటూ బిరడా బిగించి లోపల పెట్టేశాను.

రెండోసారి బుద్ధిగా కూర్చున్నా. తులిప్ పువ్వులా మూతి సన్నగా ఉండే గ్లాసులో 20 మిల్లీలీటర్లు పోసి, అరగంట దాని జోలికి పోలేదు. తర్వాత గ్లాసును గడ్డం దగ్గర పెట్టుకుంటే చాలు, నారింజ తొక్క వాసన దానంతటదే పైకొచ్చింది. కాస్త దగ్గరికి తెస్తే ఎండు అంజీర్, దాల్చినచెక్క. ఇంకాసేపటికి పాత అక్రోట్ పప్పు, వానకు తడిసిన ఆకులు, పుట్టగొడుగు. ఈ చివరి వాసనల్ని కోన్యాక్ చేసేవాళ్లు ‘రాన్సియో’ అంటారు. ఓక్ పీపాలో ఏళ్ల తరబడి నానిన సరుకుకే అది వస్తుంది. చిన్న గుటక వేసి నాలుక మీద తిప్పితే ముందు తీపి, ఆ వెనకే చెక్క వగరు. మింగాక కూడా చాలాసేపు నోట్లో నిలిచింది.

లేబుల్ మీద ‘ఫీన్ షాంపేన్’ అని ఉంటే, ఇందులో షాంపేన్ కలుపుతారా అని మావాడొకడు అడిగాడు. ఆ బుడగల వైన్‌కీ దీనికీ సంబంధం లేదు. కోన్యాక్ ప్రాంతంలో సుద్దనేలలున్న గ్రాండ్ షాంపేన్, పెటీట్ షాంపేన్ అనే రెండు చోట్ల సరుకే కలిపి, అందులో కనీసం సగం గ్రాండ్ షాంపేన్‌ది అయితేనే ఆ పేరు పెట్టుకోవాలి. ఇక ఎక్స్‌ఓ అంటే, కలిపినవాటిలో అన్నిటికంటే చిన్నదానికి కూడా 10 ఏళ్లు నిండి ఉండాలి. 2018కి ముందు 6 ఏళ్లు చాలేవి. వయసంతా పీపాలో పెరిగిందే. సీసాకెక్కాక, అల్మారాలో ఇరవై ఏళ్లు దాచినా పదేళ్లది పదేళ్లదే. సీసాను మాత్రం నిలబెట్టే ఉంచండి. పడుకోబెడితే ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది.

ఓసారి ఒక పెద్ద రెస్టారెంట్‌లో ఎక్స్‌ఓ అడిగితే, బెలూన్ లాంటి గ్లాసులో పోసి కొవ్వొత్తి మంట మీద తిప్పి తిప్పి వేడి చేసి ఇచ్చారు. చూడ్డానికి బాగానే ఉంది గానీ, ముక్కుకి తగిలింది స్పిరిట్ ఒక్కటే. ప్రాణం ఉసూరుమంది. దీనికి మంటా వద్దు, ఐసూ వద్దు. గది చల్లదనం, 18 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే చాలు. మరీ ఘాటనిపిస్తే ఒకటి రెండు చుక్కల నీళ్లు.

పక్కన ఏం పెట్టుకోవాలన్న దగ్గర చాలా తంటాలు పడ్డాను. క్రీమ్ నిండిన డెజర్ట్‌తో తాగితే కోన్యాక్ పలచగా, మొరటుగా తోచింది. 85 శాతం కోకో ఉన్న చాక్లెట్‌తో చేదుకు వగరు తోడై నోరు పిడచగట్టింది. 70 శాతంది బాగా కుదిరింది. కానీ నా ఓటు రోక్‌ఫోర్‌కే. గొర్రెపాలతో చేసే ఆ నీలిచారల చీజ్ ఉప్పగా, ఘాటుగా ఉంటుంది. దీనికి అదేం జోడీ అని నేనూ అనుకున్నా. గోరంత ముక్క నాలుక మీద కరుగుతుండగా ఒక గుటక వేశాను. ఆ ఉప్పదనానికి కోన్యాక్ ఒక్కసారిగా తియ్యగా మారింది, అంతకుముందు దొరకని అంజీర్ రుచి నోరంతా పరుచుకుంది. ముక్క పెద్దదైతే మాత్రం చీజే గెలుస్తుంది.

కాక్‌టెయిల్ కోసమైతే ఇది కొనకండి, ఇంతకంటే తక్కువ వయసుండే వీఎస్‌ఓపీ రకం చాలు. ఇంకో మాట, ఖాళీ గ్లాసును రాత్రే కడిగేయకండి. పొద్దున్నే వాసన చూస్తే ఘాటంతా పోయి, చెక్కపెట్టెలో ఎండుపూలు దాచినట్టు ఉంది. నా గ్లాసు మధ్యాహ్నం దాకా సింకులోకి వెళ్లలేదు.