జూమ్‌లో అష్టావధానం: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను. ఎనిమిది మంది పృచ్ఛకులు (ప్రశ్నలు అడిగేవాళ్లు) వంతులవారీగా అడిగేవాటికి అవధాని అప్పటికప్పుడు పద్యాలు, జవాబులు చెప్పే అష్టావధానం లాంటి కార్యక్రమానికి జూమ్ పెయిడ్ ప్లాన్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది, ఉచిత ప్లాన్ మాత్రం చాలదు. ఉచితంలో మీటింగ్ 40 నిమిషాలకే ముగుస్తుంది. నాలుగు ఆవృత్తులు (ప్రశ్నల విడతలు), ఆపైన ధారణ (చివర్లో పద్యాలన్నీ గుర్తుంచుకుని అప్పజెప్పడం) కలిస్తే అవధానం రెండు గంటలు దాటుతుంది. పద్యం సగంలో ఉండగా అందరూ బయటికెళ్లి మళ్లీ లింకు నొక్కి రావాలంటే అవధాని ఏకాగ్రత ఏం కావాలి?

మాది వైట్‌ఫీల్డ్, మారతహళ్లి చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల చిన్న సాహిత్య బృందం. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్‌కి వచ్చాం, ఆ తర్వాత కూడా సగం కార్యక్రమాలు ఇక్కడే ఉండిపోయాయి. ఎందుకో బెంగళూరువాళ్లకు చెప్పక్కర్లేదు. సాయంత్రం ట్రాఫిక్‌లో ఇక్కడి నుంచి వయ్యాలికావల్‌ కృష్ణదేవరాయ కళామందిరం దాకా పెద్దవాళ్లను తీసుకెళ్లడం తేలిక కాదు. పైగా మా పృచ్ఛకుల్లో ఒకరు నెల్లూరులో, ఒకరు న్యూజెర్సీలో ఉంటారు. మనకు శనివారం రాత్రి 7:30 అంటే అక్కడ వేసవిలో ఉదయం 10, చలికాలంలో 9. ఆహ్వానంలో రెండు చోట్ల టైమూ రాయాలి.

నాకు బాగా నచ్చినది స్పాట్‌లైట్. ఒకేసారి 9 మందిని అందరి తెరల మీదా నిలపవచ్చు. అవధాని ఒకరు, పృచ్ఛకులు ఎనిమిది మంది, లెక్క సరిగ్గా సరిపోయింది! పద్యంలో తర్వాత ఏ అక్షరం వాడకూడదో పృచ్ఛకుడు ఎప్పటికప్పుడు చెప్పే నిషిద్ధాక్షరికి ఇది వరమే. హాల్లో వెనక వరుసలో కూర్చుంటే ఏ అక్షరం నిషేధించారో సగం వినపడదు. ఆన్‌లైన్‌లో అవధానీ పృచ్ఛకుడూ ఒక్కసారే మాట్లాడితే ఒకరి గొంతు అణిగిపోతుంది కాబట్టి, మేం పృచ్ఛకులను పలక మీద అక్షరం రాసి కెమెరాకు చూపించమంటాం. చూసేవాళ్లంతా ఆ అక్షరం తప్పించి పదం ఎలా పడుతుందోనని తమలో తాము వెతుక్కుంటూ ఉంటారు.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది శబ్దం మీద. ఈ యాప్‌లన్నీ మాట వినిపించడానికి తయారైనవి, మాట కానిదాన్ని రొదగా తీసుకుని అణచేస్తాయి. మధ్యమధ్య కొట్టే గంటల్ని అవధాని లెక్కపెట్టాల్సిన ఘంటానాదం అంశంలో పృచ్ఛకుడు గంట కొడితే అది అవధానికి చేరకపోవచ్చు. చేరని గంటలు లెక్కపెట్టమంటే ఎంత అన్యాయం! దీనికి మందు సెట్టింగ్స్‌లోనే ఉంది. ఆడియోలో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ ఎంచుకోవాలి, మీటింగ్‌లోకి వచ్చాక పైన కనిపించే ఆ బటన్ కూడా ఆన్ చేయాలి. గంట కొట్టేవాళ్ల దగ్గరే ఇది ఉండాలి, మన దగ్గర పెట్టుకుంటే ప్రయోజనం లేదు. వాళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం తప్పనిసరి. ముందురోజు అవధాని చెవికి ఆ గంట వినపడుతోందా అని పరీక్షించకుండా కార్యక్రమం మొదలుపెట్టకండి. పద్యానికి ముందు శ్రుతిపెట్టె పెట్టుకునేవాళ్లకూ ఇదే మాట.

ప్రేక్షకులందరినీ మ్యూట్‌లో పెట్టడం నాకు ఇష్టం లేదు. అవధాని ధ్యాస మళ్లించడానికి సంబంధం లేని మాటలు కలిపే అప్రస్తుత ప్రసంగి చమత్కారం విసిరితే ఒక్క నవ్వూ వినపడదు, సమస్యకు పూరణ (ఇచ్చిన చిక్కు పాదానికి అర్థం కుదిరేలా పద్యం పూర్తి చేయడం) అద్భుతంగా పడితే ఒక్క ‘ఆహా’ రాదు. అవధాని శూన్యంలోకి పద్యం చెబుతున్నట్టు ఉంటుంది. తెర మీద ఎగిరే చప్పట్ల బొమ్మలు ఆ లోటు తీర్చవు. అందుకే పద్యం తెలిసిన, ఇంట్లో కుక్కర్ విజిల్ వినపడని కొందరిని ముందే మాట్లాడి మైకు తెరిచి ఉంచమంటాం. ‘భళా’ అనే గొంతు ఒక్కటి వినపడినా అవధాని ముఖం ఎలా విప్పారుతుందో చూడాలి.

మిగతావాళ్లకు పని చాట్‌లో. సమస్య ఇవ్వగానే దాన్ని చాట్‌లో పెడతాం, చూసేవాళ్లూ పూరణలు పంపుతారు. అవి అందరికీ కనిపిస్తే అవధాని కంట పడతాయి. కాబట్టి చాట్ హోస్టుకు, కో-హోస్టులకు మాత్రమే వెళ్లేలా మార్చి, ధారణ అయ్యాక మంచివి చదువుతాం. గంట ఎన్నిసార్లు కొట్టారో చెప్పమని పోల్ పెడితే పిల్లలు కూడా చివరిదాకా కూర్చుంటారు. పోల్స్‌కూ పెయిడ్ ప్లానే కావాలి. యూట్యూబ్ లైవ్ కూడా పెడతాం గానీ అది చూడటానికే. అక్కడ కొన్ని సెకన్ల ఆలస్యం ఉంటుంది కనుక ప్రశ్నలు అక్కడి నుంచి తీసుకోం. కొత్త ఛానల్ అయితే లైవ్ అనుమతి రావడానికి 24 గంటల వరకు పట్టవచ్చు, ముందే అడిగి ఉంచుకోండి.

కో-హోస్టు వేరే ఇంట్లో, వేరే కంపెనీ నెట్‌తో ఉండాలి. ఒకసారి ధారణ మధ్యలో మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయింది. హోస్టు బాధ్యత దానంతటదే కో-హోస్టుకు వెళ్లి మీటింగ్ ఆగలేదు.

వెయిటింగ్ రూమ్ మాత్రం పెద్దవాళ్లకు కాస్త కష్టమే. మనవడి ఫోన్‌లోంచి వస్తే క్లాసు, రోల్ నంబరు పేరుగా కనిపిస్తాయి, ఎవరో తెలియక బయట ఉండిపోతారు. ‘అమ్మాయ్, నన్ను లోపలికి రానివ్వట్లేదే’ అని ఫోన్లు వస్తాయి. వాళ్ల ఫోన్లు ఎత్తడానికే ఒక మనిషిని పెట్టండి, ఆ మనిషికి మీటింగ్‌లో ఇంకే పనీ చెప్పకండి.

మేం అవధానం ఉన్న నెలకే డబ్బు కడతాం. మామూలు పద్యపఠనాలకు గూగుల్ మీట్ ఉచితంగా ఇచ్చే 60 నిమిషాలు సరిపోతున్నాయి.