జార్జ్ వాషింగ్టన్ వంతెన: కట్టడానికి నిండు మార్కులు, టోలుకు పాస్ మార్కులు కూడా లేవు

న్యూజెర్సీలోని పార్సిప్పనీ నుంచి న్యూయార్క్‌లో ఫ్లషింగ్ అనే చోట ఉన్న గణపతి గుడికి మేము వెళ్లే దారి, హడ్సన్ నదిని దాటించే జార్జ్ వాషింగ్టన్ వంతెన మీదుగానే. ఏళ్ల తరబడి డబ్బు కట్టి దాటుతున్నవాణ్ణి కాబట్టి, మిగతా సేవల లాగే దీన్నీ సమీక్షించవచ్చనుకుంటున్నాను.

ముందు వంతెన సంగతి. పై అంతస్తులో ఎనిమిది, కింద ఆరు, మొత్తం 14 వాహనాల వరుసలు. టోలు కోసం ఎక్కడా ఆగనక్కర్లేదు. అద్దానికి అంటించిన ఈజీపాస్ ట్యాగు నుంచి సొమ్ము దానంతటదే కట్ అవుతుంది. ఆర్ అండ్ బీలో పనిచేసి రిటైరైన మా నాన్నగారు మొదటిసారి దాటినప్పుడు, తలెత్తి ఆ టవర్ల ఉక్కు అల్లికనూ రివెట్లనూ చూస్తూ, "దీనికి పైన తొడుగేమీ వేయలేదేమిరా?" అని అడిగారు. నిజానికి గ్రానైటు తొడుగు వేయాలన్నదే అసలు నమూనా. 1931లో వంతెన తెరిచే నాటికి ఆర్థిక మాంద్యం ముంచుకురావడంతో, ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని మానేశారు. ఈ రోజు జనం నిలబడి ఫొటోలు తీసుకునేది ఆ పొదుపు వల్ల మిగిలిన అందాన్నే.

ఇక ధర. 2011 వేసవిలో ట్యాగు ఉన్న కారుకు రద్దీ వేళ 8 డాలర్లు ఉండేది, 2025 జనవరికి 16.06 డాలర్లయింది. న్యూయార్క్ వైపు వెళ్లేటప్పుడే తీసుకుంటారు, తిరుగు ప్రయాణానికి ఏమీ కట్టనక్కర్లేదన్నది ఒప్పుకోవలసిందే. అయినా ఈ కాలంలో దేశంలోని సాధారణ ధరలు సుమారు 40 శాతం పెరిగితే టోలు మాత్రం రెట్టింపయింది.

వంతెనను నడిపే పోర్ట్ అథారిటీకి పన్నుల సొమ్ము రాదు కాబట్టి టోలు పెంచక తప్పదని పెంపును సమర్థించేవారు అంటారు. నా అభ్యంతరం పెంపుకన్నా ఎక్కువగా అది జరిగిన క్రమం మీద. 2011 ఆగస్టులో ప్రతిపాదన రావడం, బహిరంగ విచారణలన్నీ ఒకే రోజులో ముగియడం, పెంపు ఆమోదం పొందడం, అంతా రెండు వారాల్లో జరిగిపోయింది. సంస్థ ఖర్చులను సమీక్షించిన ఆడిటర్ల తొలి నివేదిక మాత్రం 2012 ఫిబ్రవరిలో గాని బయటికి రాలేదు. ఈ సంస్థే చేపట్టిన వరల్డ్ ట్రేడ్ సెంటర్ పునర్నిర్మాణ వ్యయం 1,100 కోట్ల డాలర్ల నుంచి 1,480 కోట్లకు పెరిగిందనీ, సంస్థ పనితీరే గాడి తప్పిందనీ అది తేల్చింది. మందు మింగించాక నాడి పట్టుకున్నట్టుంది ఈ వ్యవహారం. అక్కడే కట్టిన రైలు స్టేషన్‌కు మొదట వేసిన అంచనా సుమారు 200 కోట్ల డాలర్లు. 2016 మార్చిలో తెరిచేసరికి దాదాపు 400 కోట్లయింది. తెల్లటి రెక్కలు విప్పిన పక్షిలా ఉంటుందది, చూడముచ్చటగానే ఉంటుంది. కాని గ్రానైటు తొడుగు వద్దనుకున్న ఆనాటి పెద్దల దగ్గర దాని లెక్కలు ఏ మాత్రం నిలిచేవో నాకు అనుమానమే. దీనికి తోడు, న్యూజెర్సీ రాష్ట్రం తన బడ్జెట్ నుంచి పెట్టుకోవలసిన పులాస్కీ స్కైవే వంటి రోడ్ల మరమ్మతులకు కూడా ఈ సంస్థ నుంచే 180 కోట్ల డాలర్లు మళ్లించారు.

వంతెనను వేలాడదీసే 592 ఉక్కు తాళ్లను మార్చే పని కోసం డబ్బు అడిగితే నేను కాదనను. ఆ తాళ్ల మీదే కదా నా పిల్లలు కూర్చున్న కారు నదిని దాటేది. ఆ పనికి ఎంత, మిగతా హంగులకు ఎంత అన్నది విడివిడిగా చూపించి, రెండో పద్దులో కోత పెట్టిన తరువాతే మా జేబు వైపు చూడమంటున్నాను.

కొత్తగా వెళ్లేవారికి ఒక మాట: శని, ఆదివారాల్లో ఉదయం 11 గంటల లోపు దాటితే రద్దీ వేళ కాదు కాబట్టి రెండు డాలర్లు తగ్గుతుంది. కాలినడకన దాటేవారికైతే టోలే లేదు. కిందటి వేసవిలో నాన్నగారు న్యూజెర్సీ వైపున్న ఫోర్ట్ లీ దగ్గర కారు దిగి, మన్‌హటన్ దాకా నడిచి, దారిలో ఒక ఉక్కు తాడును అరచేత్తో తట్టి చూసి మరీ వచ్చారు.